రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన తాత కోసం వెతుకుతున్న మనవరాలికి

చిరంజీవి బుజ్జికి, కాకినాడ నుంచి చిన్న తాతయ్య ఆశీస్సులు.

నీ మెయిలు అందింది. అంత పొడుగు మెయిలు ఫోన్‌లో చదవలేక పక్కింటి కుర్రాడి చేత ప్రింటు తీయించుకుని, పడక్కుర్చీలో కూర్చుని రెండుసార్లు చదివాను. వంశవృక్షాలు కట్టే సైటుకి ఏడాది చందా కట్టావనీ, మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చున్నా మీ అమ్మమ్మ తండ్రిని దాటి పైకి ఒక్క పేరూ, రంగం వెళ్ళిన తాత జాడా దొరకలేదనీ రాశావు. డల్లాస్‌లో నీ ఆఫీసు స్నేహితురాలికి ఒక్క సాయంత్రంలో ఆరు తరాలు దొరికాయట. "మనవాళ్ళకి చరిత్రే లేదా తాతయ్యా" అన్నావు. లేకేమే. నువ్వు వెతికిన చోట లేదు, అంతే.

ఆ అమ్మాయికి ఎందుకు దొరికాయో చూడు. వాళ్ళ దేశంలో పదేళ్ళకోసారి జనాభా లెక్కల్లో ఇంటిల్లిపాది పేర్లూ రాస్తారు. 72 ఏళ్ళు గడిచాక ఆ కాగితాలు జనం చూడ్డానికి తెరిచేస్తారు. 1950 నాటివి 2022లో తెరిచారు. పైగా బాప్తిస్మం, పెళ్ళి, సమాధి, అన్నిటికీ చర్చిలో పుస్తకాలున్నాయి. మన దగ్గర 1871-72 నుంచీ లెక్కలు తీస్తూనే ఉన్నారు గానీ, మొత్తాలు కూడి అచ్చు వేశాక ఇంటింటి కాగితాలు దాచిపెట్టలేదు. తర్వాతి వాటికి 1948 సెన్సస్ చట్టం అడ్డం, ఎవరి వివరాలూ ఎవరికీ చూపకూడదు. జనన మరణాలకి దేశమంతా ఒకే చట్టం వచ్చిందే 1969లో. మరి మీ అమ్మమ్మ తండ్రి పుట్టుక ఆ సైటుకి ఎక్కడ దొరుకుతుంది?

నేను రిజిస్ట్రేషన్ శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేశాను గనక నాకు అర్థమైందొకటి చెప్తాను. మనవాళ్ళు పుట్టినప్పుడూ పోయినప్పుడూ కాగితం మీదకి ఎక్కలేదు. పొలం చేతులు మారినప్పుడు ఎక్కారు. మిగతాదంతా ముసలివాళ్ళ నోళ్ళలో ఉంది. నోళ్ళు ముందు, కాగితాలు తర్వాత, సైట్లు ఆ తర్వాత. నువ్వు తల్లకిందులుగా మొదలుపెట్టావు.

రావులపాలెంలో మా మేనత్త ఉంది. మా నాన్న ఆఖరి చెల్లెలు, తొంభై మూడు నిండాయి. ముందు ఆవిడకి వాట్సాప్‌లో వీడియో కాల్ చెయ్యి. స్పీకర్ పెట్టి, పక్కన ఇంకో ఫోన్‌లో రికార్డు చెయ్యి. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పు, దొంగతనంగా వద్దు. "మీ తాతగారి పేరేమిటి" అని ఇంటర్వ్యూలా అడిగావంటే ఆవిడ "ఏమో తల్లీ, మర్చిపోయాను" అంటుంది. నేనలా అడిగే రెండేళ్ళు పోగొట్టుకున్నాను. "నీ పెళ్ళికి ఎవరెవరొచ్చారు, బూందీ ఎవరు తీశారు, మొదటి పురుడు ఎవరు పోశారు" అని అడుగు. మనాడవాళ్ళకి లోకమంతా పురుళ్ళ వరసలోనే గుర్తుంటుంది. ఎవరి పురుడప్పుడు ఎవరికి ఎన్నో నెల, ఆ ఏడు వరదొచ్చిందా, ఆవు ఈనిందా అన్నీ చెప్పుకొస్తుంది. అందులోంచి పేర్లు నువ్వు ఏరుకోవాలి.

ఇంకో దారి మన పురోహితుడు. తద్దినం పెట్టినప్పుడు మూడు తరాల పేర్లు చెప్పాలి కదా, తండ్రి, తాత, ముత్తాత, అలాగే తల్లి, నాయనమ్మ, ముత్తాత భార్య. మనింటి తద్దినాలకి వచ్చే ఆయన దగ్గర ఓ పాత నోటుబుక్కు ఉంటే దాన్ని నాలుగు ఫొటోలు తీయించుకున్నాను. పాత శుభలేఖలు కూడా పారెయ్యద్దని మీ అమ్మకి చెప్పు. ఫలానా వారి మనుమరాలు, ఫలానా వారి కనిష్ఠ పుత్రిక అని వాటిలో ఉన్నంత వివరం ఏ పోర్టల్లోనూ ఉండదు.

ఇప్పుడు తేదీల సంగతి. పెద్దవాళ్ళు చెప్పేవి మన సంవత్సరాల పేర్లు. అవి అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయని నీకు తెలుసు. మా తాతగారి జాతకం తాటాకు మీద దొరికింది, ఖర నామ సంవత్సరం, మాఘమాసం. ఖర అంటే 1831, 1891, 1951, 2011. మనిషి వయసుని బట్టి 1891 అని తేల్చేసి, నోట్సులో గీత గీసి రాసేసుకున్నాను. తప్పు. మన ఏడాది ఉగాదితో మొదలవుతుంది. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండర్లో జనవరి దాటిపోతుంది. ఆయన పుట్టింది 1892లో. పుష్యం చివర, మాఘం, ఫాల్గుణం కనిపిస్తే ఒకటి కలుపుకోవాలని గుర్తుపెట్టుకో. తిథితోపాటు వారం కూడా ఉంటే మరీ మంచిది. తిథుల్ని తేదీలుగా మార్చే పంచాంగం సైట్లు బోలెడున్నాయి, వారం కలిసిందా సరే, కలవకపోతే ఇంకో అరవై వెనక్కి వెళ్ళి చూడాలి.

"ధాత కరువుకి మా ముత్తాత పాలుతాగే బిడ్డ" అని ఎవరైనా అంటే అది 1876-77. "బందరు ఉప్పెన" అంటే 1864 నవంబరు 1. గుంటూరు వైపు వాళ్ళు చెప్పే డొక్కల కరువు 1832-33. ఇవి మేకుల్లాంటివి, మిగతా జ్ఞాపకాలు వీటికి తగిలించుకోవచ్చు.

స్కూలు సర్టిఫికెట్ మాత్రం నమ్మకు. నా సర్టిఫికెట్లో పుట్టినరోజు 1949 జూలై 1. మా క్లాసులో సగం మందిదీ జూలై 1వ తేదీయే! బడిలో చేర్చుకునే రోజున హెడ్మాస్టరు గారు వేసిన తేదీ అది. అమ్మ చెప్పినదాని ప్రకారం నేను సర్వధారి మాఘంలో పుట్టాను, అంటే ఐదు నెలలు ముందు. ఆయన పుణ్యమా అని ఐదు నెలలు ఎక్కువ జీతం తీసుకుని 2007 జూన్ 30న రిటైరయ్యాను.

కాగితాల దగ్గరికి వస్తున్నాను. నువ్వు అక్కడ కూర్చుని చేయగలిగింది ఆంధ్రా భూముల రికార్డులుండే మీభూమి పోర్టల్లో ఊరి పేరుతో అడంగలూ 1బీ చూడటం, అంటే ఏ భూమి ఎవరి పేరున ఉందో రాసే లెక్కలు. అందులో కనిపించేది ఈనాటి పట్టాదారు, తాత పేరు ఉండదు. మనకి కావలసింది పేరు కాదు, సర్వే నంబరు. నంబరు చేతిలో ఉంటే, నేను ఇక్కడ తాసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ నకలు అడగగలను, అంటే పాత భూసర్వే, సెటిల్‌మెంటు నాటి రిజిస్టరు. మా తరం వాళ్ళు డైగ్లాట్ అనేవారు, ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉంటాయి గనక. ఆ నంబరు కింద అప్పటి పట్టాదారు పేరు అందులో ఉంటుంది. ఈమధ్య రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు తీసేసి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు ఇచ్చారు, కాబట్టి పాత పాస్‌బుక్కుల మీది నంబర్లు ముందు రాసి పెట్టుకో. మీ మామయ్య వాళ్ళింట్లో ఉన్నాయి. జమీందారుల కింద ఉన్న గ్రామాలైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే రైతుల పేర్లు సరిగ్గా కనిపిస్తాయి. ఇనాం భూములైతే, అంటే దానంగా ఇచ్చినవైతే, అదృష్టం. 1858లో ఇనాం కమిషన్ వేసి రాయించిన ఫెయిర్ రిజిస్టర్లలో మొదట దానం పొందినవాడు ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్న వారసులెవరు అని కూడా ఉంటుంది. మనకి ఆ అదృష్టం లేదు, మనది ఉత్త రైతు కుటుంబం.

రికార్డుల్లో ఫసలీ 1310 అనో 1325 అనో కనిపిస్తే భయపడకు, అది రెవెన్యూ వాళ్ళ సంవత్సరం. 590 కలుపు. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. అలాగే జిల్లా పేరు కూడా. మన అమలాపురం తాలూకా ఊరు పాత కాగితాల్లో రాజమండ్రి జిల్లా, 1859 తర్వాత గోదావరి జిల్లా, 1925 నుంచి తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ. నువ్వు సైటులో కోనసీమ అని కొట్టి ఏమీ రావడం లేదంటే మరి ఎలా వస్తుంది?

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి దస్తావేజులు. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీస్తే 1983 నుంచీ వస్తాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు తీయించి చూడాలి. ఇండెక్స్ 1 మనుషుల పేర్లతో ఉంటుంది, ఇండెక్స్ 2 ఆస్తి వారీగా. ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. చాలామంది మా తాత అమ్మినవీ కొన్నవీ అడిగి, లేవంటే వెళ్ళిపోతారు. నేను కౌంటర్లో ఉన్నప్పుడు ఎంతమందికో చెప్పాను, పక్క పొలం వాళ్ళ దస్తావేజు అడగండీ అని. హద్దులు రాస్తారు కదా, తూర్పు ఫలానా వారి పల్లపు భూమి, దక్షిణం పంట బోదె అని. మన ముత్తాత జన్మలో సంతకం పెట్టకపోయినా పొరుగువాడి దస్తావేజులో హద్దుగా ఉంటాడు. ఆడవాళ్ళ కోసమైతే పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూముల దస్తావేజులు చూడాలి. అమ్మాయి పేరు, అల్లుడి పేరు, ఊరు, అన్నీ ఒక్క వాక్యంలో ఉంటాయి. పాత రాత మాత్రం గొలుసుకట్టు. అచ్చు తెలుగుని గూగుల్ లెన్స్ బాగానే చదువుతుంది, గొలుసుకట్టు దగ్గర దానికీ కళ్ళు తిరుగుతాయి. అవి నాకు పంపు.

ఇవన్నీ వెతికినా మా నాన్న నాయనమ్మ పేరు ఎక్కడా దొరకలేదు. తద్దినం పుస్తకంలో చెదలు తినేసిన మూల ఆవిడ పేరే పోయింది. మేనత్త కూడా "మామ్మ" అనే అంటుంది, పేరు తెలీదు. పోయిన సంక్రాంతికి మా పెద్దన్నయ్య వాళ్ళ అటక దులిపిస్తుంటే ఇత్తడి గంగాళం దిగింది. చింతపండూ ముగ్గూ పెట్టి తోమిస్తే అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు. ముందు పొడి అక్షరం, ఆవిడ పుట్టింటిది, తర్వాత పేరు. పుట్టింటివాళ్ళు సారె కింద పెట్టిన గంగాళం కాబోలు. నూరేళ్ళు అందులో నీళ్ళు కాగాయి, ఎవరూ చదవలేదు. ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పేరు నేను రాయను, నువ్వే పెద్దది చేసి చదువుకో. మీ ఇంట్లోనూ, మీ అత్తగారింట్లోనూ పాత చెంబులూ బిందెలూ అన్నీ ఒకసారి తిరగేసి చూడు.

ఇప్పుడు అసలు టెన్షన్ విషయం. నీకు ఎవరూ చెప్పరు గనక నేను చెప్తున్నాను. ఎవరికైనా ఫోన్ చేసి "పాత దస్తావేజులు ఉన్నాయా" అన్నావంటే వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. అమెరికా అమ్మాయి ఆస్తి కోసం వచ్చిందనుకుంటారు. నాకు జరిగింది. 1938లో మా తాత అన్నదమ్ములు పంచుకున్న భాగపరిష్కార దస్తావేజు మూడో తాత మనవడి దగ్గర ఉందని తెలిసి వెళ్ళాను. కాఫీ ఇచ్చాడు, బాగానే మాట్లాడాడు. కాగితం అనేసరికి "ఏ కాగితం బావా" అన్నాడు. మర్నాడు వాళ్ళబ్బాయి ఎవరో వకీలుని అడిగాడట, ఇన్నేళ్ళ తర్వాత కేసు నిలుస్తుందా అని. ఏడాది మాటల్లేవు. చివరికి నేనే ఇండెక్సులో నంబరు పట్టి, ఫీజు కట్టి, సర్టిఫైడ్ నకలు తీసుకుని, ఒక జెరాక్స్ పట్టుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను. అప్పుడు నవ్వాడు. అందుకని కాగితాలు చివర అడుగు. ముందు నీ దగ్గరున్న ఫొటోలు వాళ్ళకి పంపు. "ఈ ఫొటోలో మీ నాన్నగారి పక్కనున్నది ఎవరు పెదనాన్నా" అని అడిగితే కరిగిపోని వాడుండడు.

ఆ దస్తావేజులోనే ఉన్నాడు నువ్వు వెతుకుతున్న మనిషి. "ప్రస్తుతం రంగంలో కాపురం ఉన్న" అని పేరు ముందు రాసి, ఆయన వాటా మా తాత అధీనంలో ఉంచినట్టు రాశారు. ఆ తర్వాత ఏ కాగితంలోనూ లేడు.

నీకు పేరు దొరకకపోవడానికి కారణం ఉంది. దక్షిణాఫ్రికా నాటాల్‌కి వెళ్ళిన వాళ్ళైతే దొరికేవాళ్ళు. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన మొదటి ఓడ ట్రూరో మన మద్రాసు రేవు నుంచి వెళ్ళిందే. 1911 దాకా వెళ్ళిన లక్షా యాభై రెండు వేల మందికీ నంబరు వేసి, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీద మచ్చలతో సహా రాశారు, ఆ ఓడ జాబితాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మారిషస్‌కి వెళ్ళిన వాళ్ళ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వాళ్ళు ఒప్పంద కూలీలు, ప్రతి తలకీ కాగితం ఉండాలి. రంగం అలా కాదు. బర్మా 1937 ఏప్రిల్ దాకా మన దేశంలో ఒక రాష్ట్రమే. కాకినాడలో డెక్కు టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేస్తే సరి, ఇక్కణ్ణుంచి మద్రాసు వెళ్ళినట్టే. అక్కడ వాళ్ళు మనవాళ్ళందరినీ కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు పెట్టి. పేరు లేకుండా పోవడమంటే అదే.

1941 డిసెంబరు 23న రంగం మీద జపాను బాంబులు పడ్డాయి. తర్వాత లక్షల మంది అరకాను వైపూ మణిపూర్ వైపూ నడుచుకుంటూ బయల్దేరారు. అందులో ఉన్నాడా, అక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడా, ఏమో. పాత ఆంధ్రపత్రిక సంచికలు ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి పెట్టారు. 1942 జనవరి నుంచి జూన్ దాకా తిప్పుకుంటూ పో, కాందిశీకుల వార్తలు చదువు. పేరు దొరక్కపోయినా ఏ దారిన వచ్చి ఉంటారో, ఏ రైల్వే స్టేషన్లో దిగి ఉంటారో తెలుస్తుంది. విశాఖ కంచరపాలెంలో బర్మా నుంచి వచ్చినవాళ్ళ పేట ఉంది, ఇప్పటికీ బర్మా క్యాంపు అంటారు. నువ్వు వచ్చినప్పుడు వెళ్దాం.

సైట్లంటే నాకు పడదనుకోకు. ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా ఖాతా తెరవొచ్చు, నేనూ తెరిచాను. హరిద్వారం పండాల బహీలు, అంటే యాత్రికుల వంశాల పేర్లు తీర్థ పురోహితులు రాసుకునే పుస్తకాలు కూడా దాన్లో ఫొటోలు తీసి పెట్టారు, అయితే అవి ఎక్కువగా ఉత్తరాది వాళ్ళవి. మనవాళ్ళు గయ వెళ్ళేవాళ్ళు, అక్కడి పండాల పుస్తకాలు మనిషి వెళ్ళి అడగాల్సిందే. 2002 నాటి ఓటర్ల జాబితాలు ఎన్నికల అధికారుల సైట్లో ఉన్నాయి. పోలింగ్ బూతు పట్టుకుని పేజీ పేజీ చదవాలి. కానీ ఇంటి నంబరు కింద ఎవరెవరున్నారో, వయసులతో, తండ్రి పేరో భర్త పేరో పక్కన పెట్టి ఉంటుంది. అప్పుడు బతికున్న పెద్దవాళ్ళందరూ అందులో దొరుకుతారు.

మీ నాన్నగారి వైపు వరంగల్ కాబట్టి అక్కడ భాష వేరు. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ అని అడగాలి, రెండూ పాత భూమి లెక్కలే, పాతవి ఉర్దూలో ఉంటాయి. హైదరాబాదు తార్నాకలో పాత ప్రభుత్వ కాగితాలుండే ఆర్కైవ్స్ ఉంది. ఉర్దూ చదివే పెద్దాయన్ని ఒకరిని ముందే మాట్లాడుకో. వంశాలు చెప్పే కులాల వాళ్ళు అటువైపు ఇంకా కొందరున్నారు. పద్మశాలీలకి కూనపులి వారు, మాదిగలకి డక్కలి వారు, ఇటు కాపు కమ్మ వెలమలకి మనం పిచ్చిగుంట్ల అని తక్కువగా పిలిచినవాళ్ళు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. మీ నాన్నని అడుగు, వాళ్ళ ఊరికి ఎవరు వచ్చేవారో. వస్తే కుర్చీ వేసి, సంభావన ఇచ్చి, పూర్తిగా విను. ఫోన్లో ఓ ముక్క రికార్డు చేసుకుని వాళ్ళని పంపెయ్యద్దు.

చెట్టు కట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. మనింట్లో తాత పేరు మనవడికి పెడతాం, అందువల్ల ఒకే పేరు ఒక తరం విడిచి ఒక తరం వస్తుంది. నేను చేరిన ఒక సైటు "ఈయన మీ తాతగారేనా" అని ఊరించింది. పేరు కలిసింది, తండ్రి పేరు కలిసింది, సరే అని నొక్కేశాను. ఆర్నెల్లు మా తాతగారికి ఇంకో భార్యా, నెల్లూరులో నలుగురు పిల్లలూ! ఊరు కలవకుండా, ఇంటిపేరు కలవకుండా ఎవర్నీ కలపకు. ఇంటిపేరు ఇంగ్లీషులో ఎవడికి తోచినట్టు వాడు రాశాడు, మనదే నాలుగు రకాలుగా చూశాను, అన్నీ కొట్టి చూడాలి. ఆడవాళ్ళని పుట్టింటి ఇంటిపేరుతోనే ఎక్కించు. నీలో నాలుగు ఇంటిపేర్లున్నాయి, మీ నాన్నది, నాయనమ్మ పుట్టింటిది, మీ అమ్మ పుట్టింటిది, మీ అమ్మమ్మ పుట్టింటిది. భర్త పేరుతో రాస్తే మూడు మాయమైపోతాయి.

బతికున్నవాళ్ళ వివరాలు బయటికి కనిపించేలా పెట్టకు. బ్యాంకు వాళ్ళు తల్లి పుట్టింటి ఇంటిపేరు అడుగుతారు, గుర్తుందిగా. దత్తతలూ రెండో పెళ్ళిళ్ళూ కూడా తగుల్తాయి. అవి నీ నోట్సులో ఉంచుకో, వాళ్ళ పిల్లలు అడిగితే చెప్పు. ఏది ఎవరు చెప్పారో, ఏ తారీఖున చెప్పారో పక్కన రాయడం మర్చిపోకు. నేను రాయలేదు, ఇప్పుడు నా నోట్సులో సగం నాకే అనుమానం.

మేనత్తకి ఆదివారం చెయ్యి, మనకి సాయంత్రం నాలుగు దాటాక. మధ్యాహ్నం పడుకుంటుంది. ఎడమ చెవి వినిపించదు, వాళ్ళ కోడల్ని ఫోన్ కుడివైపు పట్టుకోమను. రంగం నుంచి వాళ్ళ చిన్నాన్న పంపిన లక్క పెట్టె ఒకటి ఉండేదని ఓసారి అంది. ఏ రంగు పెట్టె అని అడుగు, ఇంకేమీ అడగద్దు మొదటిరోజు.

ఇట్లు,
చిన్న తాతయ్య